పెరటి పాదు, పెంకు పురుగు: నల్గొండ, పాలమూరు ఇళ్ళలో ఒక పాత పోరు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పెరళ్ళలో కూరగాయలను తినే పెంకు పురుగులు ఎన్నో ఉన్నా, ఇంటివాళ్ళను తరతరాలుగా సతాయిస్తున్నవి ప్రధానంగా రెండు. గుమ్మడి, బీర, సొర, దోస తీగలను మొలక దశలోనే పట్టేది ఎర్ర పెంకు పురుగు. దీన్నే గుమ్మడి పెంకు పురుగు అని కూడా అంటారు. వంగ ఆకును జల్లెడ చేసేది అక్షింతల పురుగు. వీటిని ఆపడానికి ఇక్కడి ఇళ్ళలో ఏయే కాలంలో ఏం వాడారో వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. పెరటి కోసమని ప్రత్యేకంగా మందు చేసినవాళ్ళు దాదాపు లేరు. పొయ్యిలో మిగిలింది, దీపానికి తెచ్చింది, దోమల కోసం చల్లింది, పత్తి చేనుకని కొన్నది, ఆముదం చేనులో నేర్చుకున్నది ఒకదాని తర్వాత ఒకటిగా పెరట్లోకి వచ్చి చేరాయి.

ఈ రెండు పాత జిల్లాలూ వాన తక్కువ నేలలు. ఏడాదికి పడేది సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. నేల చాలావరకు ఎర్ర చల్క, దుబ్బ. జొన్న, సజ్జ, కంది, ఆముదం, పల్లి వానాకాలంలో పండేవి. వాన పోయాక చేలు బోసిగా ఉండేవి. చెరువు కిందో మోట బావి కిందో కూరగాయల తోట వేసుకోగలిగింది కొద్దిమందే. మిగతా ఇళ్ళకు కూర దొరికేది ఇంటి వెనుక దొడ్లోనే. గోలెం పక్కన స్నానాలు చేసేచోట, గిన్నెలు తోమేచోట పారే నీళ్ళను ఒక పాదుకు మళ్ళించి సొరో బీరో పెట్టి, పందిరి మీదికో ఇంటి కప్పు మీదికో ఎక్కించేవారు. దడి మీదికి చిక్కుడు, కాకర పాకేవి. నాలుగు వంగ మొక్కలు, పది మిరప మొక్కలు ఆ తడి చుట్టూనే ఉండేవి. రోహిణి ఎండలు దాటి మృగశిర కార్తెలో తొలి వాన పడగానే గింజలు పెట్టడం రివాజు.

ఈ ఏర్పాటు ఇంటివాళ్ళకు ఎంత అనువైందో పురుగుకూ అంతే అనువైంది. ఎర్ర పెంకు పురుగు గుడ్లు పెట్టేది తడి మట్టిలో. చేలన్నీ ఎండిపోయిన మాఘ ఫాల్గుణాల్లో కూడా ఊళ్ళో తడి ఆరని మట్టి ఉండేది పెరటి పాదులోనే. పొలాల్లో ఎక్కడా గుమ్మడి తీగ లేని ఊళ్ళో కూడా దొడ్లోని పాదును పురుగు వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే.

పురుగు చిన్నదే, సెంటీమీటరుకు కాస్త తక్కువ. పైన నారింజ ఎరుపు, కింద నలుపు. తెల్లవారు జామున మంచుకు మందకొడిగా ఆకును పట్టుకుని ఉంటుంది. ఎండెక్కాక అలికిడైతే చాలు, ఎగిరిపోతుంది. గింజ మొలిచి రెండు దళసరి ఆకులు విచ్చిన రోజు నుంచే తినడం మొదలుపెడుతుంది. తినే తీరు గమనించదగ్గది. ముందు ఆకు మీద గుండ్రంగా ఒక గాడి కొరుకుతుంది. ఆ తర్వాత గాడి లోపలి ముక్కను నింపాదిగా తింటుంది. గాయం తగిలినప్పుడు తీగ పంపే చేదు రసం ఆ గాడి దగ్గరే ఆగిపోయి లోపలి ముక్కకు చేరదు. తీగల ఆకుల మీద అంచులు తీర్చిన గుండ్రటి కంతలు కనిపించేది ఇందుకే. తల్లి పురుగు ఆకు మీద ఉంటే పిల్ల పురుగులు మట్టిలో ఉండి వేళ్ళను, నేలకు ఆనిన కాయలను తొలుస్తాయి. గుడ్డు నుంచి ఎగిరే పురుగు కావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అలా ఏడాదిలో ఎన్నో తరాలు గడుస్తాయి. అయితే తీగ నాలుగైదు ఆకులు దాటి పాకడం మొదలుపెట్టిందంటే ఎంత తిన్నా తట్టుకుంటుంది. చచ్చేది మొలకే. కాబట్టి ఈ పురుగుతో పోరంతా ఆ మొదటి రెండు మూడు వారాలదే.

అక్షింతల పురుగు సంగతి వేరు. ఇది గుండ్రంగా, ఇటుక రంగులో, వీపు మీద 28 నల్ల చుక్కలతో ఉంటుంది. ఆకు అడుగున పసుపు రంగు గుడ్లను నిలువుగా గుంపులు గుంపులుగా పెడుతుంది. వాటి నుంచి వచ్చే పిల్లలు పసుపు రంగులో ఒళ్ళంతా ముళ్ళతో ఉండి, ఆకులోని పచ్చని భాగాన్ని గీకి తింటాయి. ఈనెలు, పల్చటి పొర మాత్రం మిగిలి ఆకు గోధుమ రంగుకు మారి ఎండిపోతుంది. వంగ దొరకకపోతే టమాట, ఉమ్మెత్త, కామంచి మొక్కల మీద బతుకుతుంది. ఇది మొలక దశకు ఆగేది కాదు, మొక్క ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కాకపోతే గుడ్లూ పిల్లలూ పెద్ద పురుగులూ అన్నీ ఆకు మీదే దొరుకుతాయి కనుక చేత్తో ఏరడం తేలిక.

ఇళ్ళలో అన్నిటికన్నా పాత మందు పొయ్యి బూడిద. వాకిట్లో పేడనీళ్ళు చల్లిన వేళకే, ఆకు మీద మంచు ఆరకముందే బూడిద చల్లేవారు. బొగ్గు ముక్కలు ఏరేసి, పల్చటి గుడ్డలో మూట కట్టి, మొలక మీద పట్టుకుని రెండో చేత్తో తట్టడం పద్ధతి. మంచు తడికి బూడిద ఆకును అంటుకుంటుంది. ఆ వేళకు పురుగు కూడా ఎగరలేక ఉంటుంది కనుక చల్లుతూనే ఏరి చంపే వీలుండేది. బూడిద క్షార గుణం కలది. ఆకును పురుగుకు రుచించకుండా చేస్తుంది. పొడి పొరగా పురుగు ఒంటికి అంటుకుని తేమను లాగేస్తుంది. ఇక్కడి పొయ్యిల్లో కాలేది పిడకలు, కంది కట్టె, ఆముదం కట్టె, తర్వాతి కాలంలో పత్తి కట్టె. బూడిదకు కొరత లేదు. దీని లోపమల్లా వాన ఒక్కటే. జల్లు పడితే కడుక్కుపోతుంది, మళ్ళీ చల్లాలి. మృగశిరలో, ఆరుద్రలో వాన పడ్డ ప్రతి మర్నాడూ చల్లే ఓపిక ఇంట్లో ఆడవాళ్ళదే. పెరటి పాదు పని ఈ ప్రాంతంలో ముందునుంచీ వాళ్ళదే కాబట్టి పురుగు గురించిన తెలివి కూడా చాలావరకు వాళ్ళ దగ్గరే పెరిగింది.

బూడిద కాక ఇంకా చిన్న చిన్న జాగ్రత్తలు ఉండేవి. పాదుకు రెండు మొక్కలు కావాలంటే అయిదారు గింజలు పెట్టేవారు. పురుగు తినగా మిగిలిన వాటిలో బలమైనవి ఉంచి తక్కినవి పీకేసేవారు. ఎండాకాలంలో పాదు తవ్వి మట్టి తిరగేసి వదిలితే మట్టిలోని పిల్ల పురుగులను కోళ్ళు ఏరుకుని తినేవి. గింజలు పెట్టాక అవే కోళ్ళు మొలకలను గీరి పారేస్తాయి కనుక పాదు చుట్టూ ముళ్ళ కంప పెట్టేవారు. విత్తనాల జాగ్రత్త ఇంకో పద్ధతి. ముదిరిన గుమ్మడి, బీర, దోస గింజలను పేడలో కలిపి పిడకలా గోడకు కొట్టి మరుసటి వానాకాలం దాకా అలాగే ఉంచేవారు. చిక్కుడు, కంది గింజలకు పుచ్చు పురుగు బెడద. అదీ పెంకు పురుగే, కాకపోతే ఇంట్లోని కాగుల్లో బతికేది. దానికి బూడిద, వేపాకు, వావిలాకు, ఎర్రమన్ను పట్టించడం మందు. పురుగు మితిమీరినప్పుడు పోచమ్మకు చెప్పుకోవడం, పొలిమేరలో పొలి చల్లడం కూడా ఉండేవి. పొలి చేలకోసం చేసేది, పెరటికి విడిగా చేసే తంతు కనిపించదు.

తీగల్లో గుమ్మడికి ఈ ప్రాంతంలో ఇంకో విలువ ఉంది. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు పేర్చే బతుకమ్మకు గుమ్మడి పువ్వు కావాలి. తంగేడు, గునుగు గుట్టల మీద, చెలకల్లో దొరుకుతాయి. గుమ్మడి పువ్వు మాత్రం ఎవరో ఒకరి పెరట్లోనే పూయాలి. ఆ పువ్వు నడిమి భాగాన్నే గౌరమ్మగా పెట్టే ఇళ్ళున్నాయి. మృగశిరలో మొలకను పురుగు తినేస్తే మళ్ళీ గింజ పెట్టినా ఆ ఏటి పండుగకు పువ్వు అందుతుందన్న నమ్మకం ఉండదు. కూర కోసం పట్టించుకోని ఇంట్లో కూడా గుమ్మడి మొలక మీద బూడిద పడేది ఇందుకే కావచ్చు.

బూడిద వాడకం పుస్తకాల్లోనూ ఉంది. సురపాలుడు రాసినట్టు చెప్పే సంస్కృత గ్రంథం వృక్షాయుర్వేదం సుమారు వెయ్యేళ్ళ నాటిది. ఆకుల మీది పురుగులకు బూడిద, ఇటుక పొడి కలిపి చల్లమనీ, పురుగు పట్టిన తీగలకు తెలకపిండి కలిపిన నీళ్ళు చిలకరించమనీ అందులో ఉంది. ఈ గ్రంథపు రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, సికింద్రాబాదులో వై.ఎల్. నేనె స్థాపించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దాని ప్రతిని తెప్పించి, నళిని సాధలే ఇంగ్లీషు అనువాదంతో 1996లో అచ్చువేసింది. నల్గొండ పల్లెల్లో బూడిద మూట తట్టిన వాళ్ళెవరూ సురపాలుణ్ణి చదివి నేర్చుకోలేదు. తోటపని చేసే చేతులకు తెలిసిందే గ్రంథకర్త శ్లోకాల్లో పెట్టాడనుకోవడం సబబు.

ఆధునిక కీటక శాస్త్రం ఈ పురుగులను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుస్తకాలకు ఎక్కించింది. మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో భారతదేశపు పంట పురుగుల మీద, బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాల మీద రాశారు. తర్వాత టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లో మద్రాసు నుంచి పెద్ద చేతిపుస్తకం తెచ్చారు. అవన్నీ ప్రధానంగా బ్రిటిష్ పాలనలోని జిల్లాల కోసం. నిజాం ఏలుబడిలోని నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో వ్యవసాయ శాఖ ఉన్నా దాని చూపు పత్తి, చెరకు, వరి, ఆముదం వంటి శిస్తు తెచ్చే పంటల మీద. పెరటి సొరపాదు ఏ శాఖ లెక్కలోకీ రాలేదు. ఆ రోజుల్లో శాస్త్రం చేతిలో ఉన్న మందు ఆర్సెనిక్. అమెరికాలో బంగాళాదుంపను నాశనం చేసిన కొలరాడో పెంకు పురుగు మీద 1860ల్లో పారిస్ గ్రీన్ అనే ఆర్సెనిక్ రంగుపొడి చల్లడంతోనే పంటల మీద విషం వాడకం పెద్ద ఎత్తున మొదలైంది. తర్వాత సీసపు ఆర్సెనేట్ వచ్చింది. ఈ మెట్ట పల్లెల పెరళ్ళ దాకా అది రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

వచ్చింది గ్యాసునూనె. దీపాల కోసం డబ్బాల్లో వచ్చిన ఈ కిరోసిన్ పెరటి పనికి రెండు విధాలుగా అక్కరకొచ్చింది. సేరు బూడిదలో కొన్ని చుక్కలు కలిపి నలిపితే వాసనకు పురుగు వాలడం తగ్గేది. ఏరిన పురుగులను నీళ్ళలో వేస్తే ఈది బయటపడతాయి. పైన కాస్త గ్యాసునూనె పోసిన నీళ్ళలో వేస్తే చస్తాయి. చమురు ఎక్కువైతే మొలక మాడేది కనుక దీనికీ చెయ్యి తిరగాలి.

హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిశాక పదేళ్ళలోనే పెరటి మందు మారిపోయింది. 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో బి.హెచ్.సి. అనే పురుగు మందు తయారీ మొదలైంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 1954లో ఏర్పడ్డ హిందుస్థాన్ ఇన్సెక్టిసైడ్స్ మరుసటి ఏడు ఢిల్లీలో డి.డి.టి. తయారుచేసింది. ఊరూరా గోడలకు డి.డి.టి. కొట్టే మనుషులు వచ్చారు. ఇంట్లో దోమ, నల్లి చావడం కళ్ళారా చూసినవాళ్ళకు ఆ తెల్లపొడి మీద గురి కుదిరింది. బి.హెచ్.సి. పొడిని జనం గమాక్సిన్ అన్నారు. బూడిద మూట స్థానంలో గమాక్సిన్ మూట వచ్చింది. చల్లే పద్ధతి అదే, గుడ్డ అదే, చెయ్యి అదే. ముక్కుకు గుడ్డ కట్టుకునే అలవాటు బూడిదతో లేదు కనుక దీనితోనూ రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గుమ్మడి జాతి తీగలు డి.డి.టి.ని, బి.హెచ్.సి.ని తట్టుకోలేవు. పురుగు చచ్చినా లేత ఆకులు మాడేవి, ఎదుగుదల ఆగేది. పైగా బి.హెచ్.సి. పడ్డ కూరగాయకు ముక్కిపోయిన వాసన పట్టి, వండినా పోయేది కాదు. అన్ని పంటలకూ ఒకే పొడి అన్న నమ్మకానికి మొదటి దెబ్బ పెరటి తీగల దగ్గరే తగిలింది. డి.డి.టి.ని వ్యవసాయంలో 1989లో ఆపేశారు, బి.హెచ్.సి.ని 1997లో పూర్తిగా నిషేధించారు. ఈ జాతి మందులు మట్టిలో ఏళ్ళ తరబడి కరగకుండా ఉంటాయి, కొవ్వులో చేరతాయి అన్నది నిషేధాలకు కారణం.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. నీళ్ళ వెంట ఎరువుల, మందుల దుకాణాలు వచ్చాయి. రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1969లో అన్నదాత మాసపత్రిక మొదలైంది. రేడియోలో రైతుల కార్యక్రమాలు అప్పటికే ఉన్నాయి. కూరగాయల పురుగులకు ఏ మందు, లీటరు నీళ్ళకు ఎంత అన్న లెక్క తెలుగులో మొదటిసారి ఇంటింటికీ చేరింది ఈ దారుల్లోనే. ఆ లెక్కలో ఎర్ర పెంకు పురుగుకూ అక్షింతల పురుగుకూ ముప్పై నలభై ఏళ్ళపాటు రాసింది ఒకటే పేరు, కార్బరిల్. యాభై శాతం పొడిని లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయమనేవారు. దుకాణంలో దాన్ని సెవిన్ అని అడిగేవారు. పత్తి, వరి మెట్ట ప్రాంతాలకు విస్తరించేకొద్దీ సెవిన్ పొట్లం, ఎండ్రిన్ బుడ్డి, తర్వాత మోనోక్రోటోఫాస్ సీసా ఇంట్లో ఒక మూల ఉండే వస్తువులయ్యాయి. చేనుకు కొట్టగా పంపులో మిగిలింది పారబోయడం ఎందుకని దొడ్లో వంగ మొక్కల మీద కొట్టడం సాధారణమైంది. పత్తికని కలిపిన మోతాదు అది. వంకాయ ఆ మర్నాడో ఎల్లుండో కోసి వండేది.

పెంకు పురుగు మీద సెవిన్ బాగానే పనిచేసింది. ఆ మాట దాచనక్కర్లేదు. దాని వల్ల పోయినవి వేరే ఉన్నాయి. గుమ్మడి, సొర, బీర తీగల్లో మగ పూలు, ఆడ పూలు వేరువేరు. తేనెటీగ తిరగకపోతే పిందె నిలవదు. కార్బరిల్ తేనెటీగలకు తీవ్రమైన విషం. పూతకు వచ్చాక కొడితే తీగ పచ్చగానే ఉండి పిందెలు పసుపెక్కి రాలేవి. దాన్ని కూడా తెగులనుకుని ఇంకో మందు కొట్టేవారు. పేనుబంకను తినే మిత్ర పురుగులు చావడంతో పేనుబంక, ఎర్ర నల్లి విజృంభించేవి.

ఈ మిత్ర పురుగుల్లో ముఖ్యమైనవి కూడా అక్షింతల పురుగుల కుటుంబానివే. వంగను తినే పురుగూ, పేనును తినే పురుగూ చూపులకు ఒకటే కావడం వల్ల ఏరేటప్పుడు మేలు చేసేవాటినీ నలిపేయడం జరిగేది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. పేనును తినేదాని వీపు నున్నగా మెరుస్తుంది. వంగను తినేదాని వీపు మీద సన్నటి నూగు ఉండి మసకగా కనిపిస్తుంది. మొదటిదాని పిల్ల నల్లగా, పొడుగ్గా, చురుగ్గా పరుగెడుతుంది. రెండోదాని పిల్ల పసుపుగా, ముళ్ళతో, ఉన్నచోటే ఉండి గీకుతుంది. ఇంకో మిత్రుడు కంటికి ఆనేది కాదు. పీడియోబియస్ అనే చీమకన్నా చిన్న కందిరీగ అక్షింతల పురుగు పిల్లల్లో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు గట్టిపడి గోధుమ రంగుకు మారి ఆకుకు అతుక్కుపోతాయి. అమెరికాలో చిక్కుడును తినే ఇదే జాతి పెంకు పురుగు కోసం 1966లో ఈ కందిరీగను భారతదేశం నుంచే పట్టుకెళ్ళారు. అక్కడి చలికి బతకదు కనుక ఏటా పెంచి వదలాల్సి వస్తుంది. ఇక్కడ ఊరికే దొరికేదాన్ని సెవిన్ చల్లి చంపుకుంటున్న రోజులవి.

1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడి వేలమందిని చంపిన మిథైల్ ఐసోసైనేట్, సెవిన్ తయారీకి వాడే ముడిపదార్థమే. వంగ మొక్కల మీద చల్లే పొడికీ ఆ రాత్రికీ ఉన్న ఈ సంబంధం పల్లెల్లో చాలామందికి చేరలేదు. కార్బరిల్ అమ్మకం కూడా ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది. మందుల మీద చట్టం అంతకుముందే, 1968లో వచ్చింది. కేరళలో 1958లో పారథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోవడం దానికి ప్రేరణ. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టకూడదని 2005లో ఉత్తర్వు వచ్చింది. కార్బరిల్‌ను 2018 ఆగస్టులో నిషేధించారు. మోనోక్రోటోఫాస్ ఉత్తర్వు ఆచరణలో బలహీనంగా ఉండేది. పత్తికని సీసా దుకాణంలో దొరికినంత కాలం అది దొడ్లోకి రాకుండా ఆపేవాళ్ళు లేకపోయారు.

ఈలోగా పెరటికి ఇంకో మందు వేరే చేను నుంచే వచ్చింది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలలో ఆముదాన్ని ఎర్ర గొంగళి పురుగు ఊడ్చేసేది. తొలి వానలకు మట్టిలోంచి రెక్కల పురుగులు ఒక్కసారిగా లేస్తాయి. కొన్నాళ్ళకు గొంగళ్ళు దండుగా చేను మీద పడతాయి. వాటి మీద మందు పెద్దగా పారేది కాదు. 1980ల చివర సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన స్వచ్ఛంద సంస్థలు, రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థ డైరెక్టరుగా చేసిన ఎం.ఎస్. చారి వంటి శాస్త్రవేత్తలు కలిసి తెలంగాణ మెట్ట ఊళ్ళలో మందు లేని పద్ధతులను పరీక్షించారు. తొలి వాన పడ్డ రాత్రి ఊరంతా ఒకేసారి చేలలో మంటలు వేయడం, గట్ల వెంట కందకం తీసి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు ఎరగా వేయడం, వేప గింజల కషాయం కొట్టడం అందులో భాగం. అలా మొదలైన పద్ధతే పురుగు మందులు లేని సస్యరక్షణగా పెరిగింది. ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ జిల్లా ఏనెబావి ఊళ్ళకు ఊళ్ళే మందులు మానేశాయి. 2004లో సికింద్రాబాదులో సుస్థిర వ్యవసాయ కేంద్రం ఏర్పడింది. 2005 ప్రాంతం నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా దీన్ని రాష్ట్రమంతా తీసుకెళ్ళింది. చేను కోసం నేర్పిన కషాయం సంఘం సభ్యురాలి చేతుల్లో ముందుగా పరీక్షకు నిలబడింది చాలాచోట్ల దొడ్లోని వంగ మొక్కల మీదే. కాస్త చోటు, కాసిని మొక్కలు, ఫలితం రోజూ కళ్ళముందే.

వేప ఇక్కడ కొత్తది కాదు. కొత్తది గింజ వాడకం. పాత ఇళ్ళలో వాడింది ఎక్కువగా ఆకు, పిండి. గింజలో బలం ఎక్కువని శాస్త్రం తేల్చింది. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం వేప గింజల నీళ్ళు చల్లిన పైరును మిడతల దండు ముట్టదని చూపింది. 1968లో అందులోని అజాడిరక్టిన్‌ను విడిగా తీశారు. 1994లో ఒక అమెరికన్ కంపెనీకీ ఆ దేశ వ్యవసాయ శాఖకూ కలిపి యూరప్ ఇచ్చిన వేప పేటెంటు, పాత వాడకమే కదా అన్న వాదనతో 2000లో రద్దయింది, 2005లో ఆ రద్దు ఖాయమైంది.

కషాయం చేసే తీరు తేలికే, ఓపిక కావాలి. జ్యేష్ఠ ఆషాఢాల్లో రాలిన వేప పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, పొట్టు తీసి దంచాలి. అయిదు కిలోల పప్పు పొడిని గుడ్డలో మూట కట్టి రాత్రంతా పది లీటర్ల నీళ్ళలో నానేసి, పొద్దున పిండి, వంద లీటర్లకు పెంచి, కాస్త సబ్బు పొడి కలిపితే అయిదు శాతం కషాయం. పెరటికి ఇందులో ఇరవయ్యో వంతు చాలు. ఎండకు అజాడిరక్టిన్ విరిగిపోతుంది కనుక సాయంత్రం కొట్టాలి. పెద్ద పెంకు పురుగు దీనికి అక్కడికక్కడే చావదు. ఆకు తినడం తగ్గిస్తుంది, గుడ్లు తక్కువ పెడుతుంది, పిల్ల పురుగు ఎదగక చస్తుంది. సెవిన్‌తో కింద పడ్డ పురుగులను చూసి అలవాటు పడ్డవాళ్ళు మొదట్లో ఇది పనిచేయలేదని వదిలేసింది అందుకే. ఎర్ర పెంకు పురుగు మీద దీని పని ఇంకా నెమ్మది. మొలక దశలో చేత్తో ఏరడం తోడైతేనే సరిపోతుంది. మట్టిలోని పిల్ల పురుగులకు పాదులో వేప పిండి, కానుగ పిండి కలపడం మేలు.

పాలమూరు సీతాఫలాలకు పేరు. బాలానగర్ రకం పేరు వచ్చింది ఆ జిల్లా ఊరి నుంచే. సీతాఫలం గింజల పొడిని తలలో పేలకు వాడటం ఇళ్ళలో ఉన్నదే. కంట్లో పడితే చూపుకే ముప్పు. అదే ఆకూ గింజా కషాయాల్లోకి చేరాయి. సుభాష్ పాలేకర్ శిక్షణల తర్వాత నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రం అన్న పేర్లు ప్రచారంలోకి వచ్చాయి. పేర్లు ఘనమైనా సరుకు పాతదే. వేపాకు, సీతాఫలం ఆకు, మిర్చి, వెల్లుల్లి, పొగాకు, ఆవు మూత్రం. అగ్నిఅస్త్రంలోని పొగాకు వల్ల అదీ విషమేనన్నది మరిచిపోకూడదు.

విచిత్రంగా, మందులు మానాలనుకునే రోజులు వచ్చేసరికి బూడిదకు కొరత వచ్చింది. 1999లో దీపం పథకం కింద, 2016 తర్వాత ఉజ్వల కింద పల్లె ఇళ్ళకు గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. పొగ బాధ తప్పింది. రోజూ పొద్దున తీసిపోసే బూడిద కూడా తప్పింది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద దొరుకుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా కనుక పురుగు ఒంటిని గీరే గుణం కట్టె బూడిద కన్నా ఎక్కువే. చల్లేవాళ్ళ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

తక్కిన పెంకు పురుగులు పెరటికి అంత పెద్ద శత్రువులు కావు. తొలి వానల సాయంత్రాల్లో వేప చెట్ల మీద ముసిరే గోధుమ రంగు పురుగుల సంతానమే పల్లి వేళ్ళను కొరికే వేరు పురుగు. మాగని పెంట వేసిన పాదుల్లో ఇది మిరప, వంగ వేళ్ళకూ వస్తుంది. పెంటకుప్ప తవ్వితే కనిపించే బొటనవేలంత తెల్ల పురుగులన్నీ అవే అనుకుని భయపడతారు. వాటిలో చాలావరకు కొమ్ము పురుగు పిల్లలు. కుళ్ళిన పెంటనే తింటాయి, కూరగాయల జోలికి రావు. నలుపు మీద నారింజ పట్టీలతో కంది, బెండ, చిక్కుడు పూలను తినే పెద్ద పెంకు పురుగును మాత్రం చేత్తో ఏరకూడదు. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. దాని పిల్లలు మిడతల గుడ్లను తింటాయి కనుక పూర్తిగా చెడ్డదీ కాదు.

ఇప్పుడు నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో పెరళ్ళు తగ్గి డాబాలు పెరిగాయి. గ్రో బ్యాగుల్లో సొర, బీర పెడుతున్నారు. మందుల దుకాణాల్లోనే వేప నూనె సీసాలు దొరుకుతున్నాయి. గడ్డిపల్లి, కంపాసాగర్, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు, పాలెం పరిశోధన స్థానం పొలాలతోపాటు ఇంటి కూరగాయలకూ సలహాలిస్తున్నాయి. డాబా మీదికీ ఎర్ర పెంకు పురుగు ఎగిరి వస్తుంది. మొలకలకు మొదటి మూడు వారాలు పల్చటి వల కప్పితే వాలే వీలుండదు. పూత రాగానే తేనెటీగల కోసం వల తీసేయాలి. బ్యాగులో మట్టి కొంచెమే కనుక పాత పంట తీసేశాక ఆ మట్టిని రోహిణి ఎండలో డాబా మీద పల్చగా పరిచి ఆరబెట్టి, వేప పిండి కలిపి మళ్ళీ నింపితే లోపలి గుడ్లు, పిల్ల పురుగులు చాలావరకు పోతాయి. పెద్ద పురుగులను పొద్దున్నే, ఎండ రాకముందు ఏరాలి.